తీగ లేని ఉపకరణాలు – ల్యాప్‌టాప్ బ్యాటరీ నిలకడ: వరంగల్ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

వైర్‌లెస్ మౌస్, కీబోర్డు, ఇయర్‌ఫోన్ వంటి ఉపకరణాలు ల్యాప్‌టాప్ బ్యాటరీని త్వరగా ఖర్చు చేస్తాయన్న అభిప్రాయం విద్యార్థుల్లో, ఉద్యోగుల్లో బలంగా ఉంది. ఈ అభిప్రాయంలోని సత్యాసత్యాలను చరిత్ర వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. సెల్లులతో నడిచిన రేడియో కాలం నుంచి బ్లూటూత్ దాకా సాగిన పరిణామాన్ని, తరంగ వినియోగంపై వచ్చిన చట్టాలను, 2006లో యూఎస్‌బీ పరికరాల విషయంలో బయటపడిన లోపాన్ని వరంగల్ ప్రాంత విద్య, విద్యుత్తు, ఉద్యోగ నేపథ్యంతో కలిపి ఈ వ్యాసం వివరిస్తుంది. తరంగాన్ని పంపడానికి అయ్యే వ్యయం కన్నా యంత్రాన్ని మేల్కొలిపి ఉంచడానికి అయ్యే వ్యయమే బ్యాటరీ నిలకడను ఎక్కువగా నిర్ణయిస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వైర్‌లెస్, బ్లూటూత్, బ్యాటరీ, ల్యాప్‌టాప్, ట్రాన్సిస్టర్, యూఎస్‌బీ, వరంగల్, విద్యుత్ కోత.

1. ఉపోద్ఘాతం:

సాంకేతిక పరికరాల చరిత్రను సాధారణంగా ఆవిష్కర్తల వైపు నుంచి రాస్తారు. ఆ పరికరాన్ని కొనుక్కుని, దాని శక్తిని పొదుపుగా వాడుకున్న మనిషి వైపు నుంచి రాసిన చరిత్ర తక్కువ. కరెంటు నమ్మకంగా లేని చోట బ్యాటరీ కేవలం ఒక విడిభాగం కాదు. పరీక్ష ముందురోజు రాత్రి చదువు సాగుతుందా, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో ఆగిపోతుందా అన్నది దానిమీదే ఆధారపడి ఉంటుంది. కనుక బ్యాటరీని ఏది తింటుందన్న ప్రశ్న వరంగల్ వంటి నగరంలోనూ, దాని చుట్టుపక్కల పల్లెల్లోనూ జీవనానికి సంబంధించిన ప్రశ్న.

చర్చకు ముందు ఒక మాటను స్పష్టం చేసుకోవాలి. ‘బ్యాటరీ లైఫ్’ అనే వాడుకలో రెండు భిన్నమైన అర్థాలు కలిసిపోయాయి. ఒకసారి ఛార్జి చేస్తే ఎన్ని గంటలు పనిచేస్తుందన్నది మొదటిది. ఆ బ్యాటరీ పనికిరాకుండా పోయేలోగా ఎన్నేళ్లు గడుస్తాయన్నది రెండవది. ఈ వ్యాసంలో మొదటిదాన్ని ‘నిలకడ’ అనీ, రెండవదాన్ని ‘ఆయువు’ అనీ వ్యవహరించడమైనది. వైర్‌లెస్ ఉపకరణాల ప్రభావం ప్రధానంగా నిలకడపై ఉంటుంది. ఆయువును నిర్ణయించే కారణాలు వేరు.

2. సెల్లు రేడియో కాలం:

తీగ లేని పరికరానికీ బ్యాటరీకీ మధ్య సంబంధం కంప్యూటర్‌తో మొదలైనది కాదు. 1800లో వోల్టా రూపొందించిన విద్యుత్ ఘటం, 1866లో లెక్లాంషే తయారుచేసిన జింకు–మాంగనీస్ డయాక్సైడ్ ఘటం, ఆ తరువాత 1880లలో వచ్చిన పొడి ఘటం విద్యుత్తును చేతపట్టుకుని తిరిగే వస్తువుగా మార్చాయి. 1880ల చివర హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. ఈ రెండు ధారల కలయికే బ్యాటరీ రేడియో.

హైదరాబాద్ రేడియో కేంద్రాన్ని 1935లో నిజాం ప్రభుత్వం తన ఆధీనంలోకి తీసుకుంది. అది 1950లో ఆకాశవాణిలో భాగమైంది. ఆ కాలపు రేడియోలు వాల్వులతో పనిచేసేవి. విద్యుత్ లైను లేని చోట వాటికి రెండు రకాల బ్యాటరీలు కావలసివచ్చేవి. వాల్వులోని తీగను వేడిచేయడానికి తక్కువ వోల్టేజీ బ్యాటరీ ఒకటి, ఎలక్ట్రాన్లను నడిపించడానికి ఎక్కువ వోల్టేజీ బ్యాటరీ మరొకటి. ఇక్కడ ఒక విషయం గమనార్హం. యాంటెన్నాకు తగిలే తరంగంలోని శక్తి అత్యల్పం. స్టేషను దొరికినా దొరకకపోయినా, పాట వస్తున్నా రాకపోయినా వాల్వు తీగ ఎర్రగా కాలుతూనే ఉండాలి. అంటే బ్యాటరీలో పెద్ద భాగం వినడానికి కాక, వినడానికి సిద్ధంగా ఉండటానికే ఖర్చయ్యేది.

1947లో బెల్ ప్రయోగశాలల్లో ఆవిష్కృతమైన ట్రాన్సిస్టర్ ఈ పరిస్థితిని మార్చింది. వేడిచేయవలసిన తీగ లేకపోవడంతో రెండు, మూడు చిన్న సెల్లులతో రేడియో నెలల తరబడి పలికింది. తెలుగు పల్లెల్లో ‘ట్రాన్సిస్టర్’ అనే భాగం పేరే మొత్తం రేడియోకు పేరుగా స్థిరపడింది. సెల్లులు కొత్త ఖర్చుగా ఇంటి లెక్కల్లో చేరాయి. 1970ల తరువాత నెల్లూరు కేంద్రంగా తయారైన నిప్పో సెల్లులు, అంతకు ముందునుంచీ ఉన్న ఎవరెడీ సెల్లులు కిరాణా కొట్లలో నిత్యావసరాల పక్కనే కనిపించేవి.

ఈ దశలో వాడుకరులు తమ అనుభవంతోనే ఒక శక్తిశాస్త్రాన్ని నిర్మించుకున్నారు. శబ్దం తగ్గిస్తే సెల్లులు ఎక్కువ రోజులు వస్తాయని వారికి తెలుసు. ట్రాన్సిస్టర్ రేడియోలో స్పీకరును కదిలించే భాగమే ఎక్కువ విద్యుత్తును తీసుకుంటుంది కనుక అది శాస్త్రీయంగానూ సరైనదే. నీరసించిన సెల్లులను ఎండలో పెట్టి తిరిగి వాడటం మరొక అలవాటు. ఎండవేడికి సెల్లులోని రసాయన చర్య కొంత చురుకై మరికొన్ని గంటలు రేడియో పలికేది. అయితే ఆ వేడి సెల్లుకు కొత్త శక్తిని ఇవ్వదు, మిగిలినదాన్ని పిండుతుంది. ఈ రెండవ అలవాటు వెనుక ఉన్న భావన లిథియం కాలంలో ప్రమాదకరంగా మారిన తీరును ఆరవ భాగంలో చూడవచ్చు.

3. లైసెన్సు నుంచి స్వేచ్ఛా తరంగానికి:

వైర్‌లెస్ వస్తువు ఇంట్లోకి రావడానికి బ్యాటరీ ఒక్కటే చాలదు. చట్టం అనుమతి కూడా కావాలి. 1885 నాటి భారత టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం వైర్‌లెస్ పరికరం కలిగి ఉండటానికే అనుమతి అవసరమయ్యేది. రేడియో ఉన్న ఇంటివారు పోస్టాఫీసులో రుసుము చెల్లించి లైసెన్సు తీసుకోవడం, ఏటా దాన్ని పునరుద్ధరించుకోవడం ఆ తరానికి పరిచితమైన విషయం. 1980లలో ఈ రుసుము రద్దయింది.

అదే చట్టం నీడ కంప్యూటర్ యుగంలోనూ కొనసాగింది. బ్లూటూత్, వై-ఫై, చిన్న యూఎస్‌బీ రిసీవరుతో వచ్చే మౌస్ దాదాపుగా 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పనిచేస్తాయి. 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు గల పట్టీలో తక్కువ సామర్థ్యపు పరికరాల వినియోగానికి లైసెన్సు అవసరం లేదని నియమావళి జారీచేసింది. వరంగల్ హాస్టలు గదిలో ఒక విద్యార్థి ఎవరి అనుమతీ లేకుండా వైర్‌లెస్ మౌస్ వాడగలగడానికి చట్టపరమైన పునాది ఇదే. రేడియో లైసెన్సు నుంచి ఈ మినహాయింపు దాకా సాగిన మార్గంలో వైర్‌లెస్ అనేది రాజ్యం కాపలా కాసే వస్తువు స్థితి నుంచి బజారులో దొరికే సామాను స్థితికి చేరింది.

ఈ స్వేచ్ఛకు ఒక మూల్యం ఉంది. అందరికీ తెరిచిన పట్టీలో రద్దీ ఎక్కువ. రద్దీలో పంపిన సమాచారం చేరకపోతే మళ్లీ పంపవలసి వస్తుంది. మళ్లీ పంపిన ప్రతిసారీ రేడియో భాగం మరికొంత సేపు మేల్కొని ఉండాలి. బ్లూటూత్ ఈ సమస్యను ఎదుర్కోవడానికి పట్టీని 79 మార్గాలుగా విభజించి, సెకనుకు 1600 సార్లు మార్గం మార్చే పద్ధతిని అవలంబించింది.

4. ల్యాప్‌టాప్ ఉపకరణాల పరిణామం:

ల్యాప్‌టాప్‌ను నిజంగా ఒడిలోకి తెచ్చినది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ దాన్ని వాణిజ్యపరంగా విడుదల చేసింది. దాని రూపకల్పనకు గాను గుడ్ఎనఫ్, విటింగ్‌హామ్, యోషినో 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు. అదే దశకంలో ఉపకరణాలను కలిపే పద్ధతులూ మారాయి. 1996లో యూఎస్‌బీ తొలి ప్రమాణం వెలువడింది. సమాచారంతోపాటు విద్యుత్తును కూడా ఒకే తీగలో అందించడం దీని ప్రత్యేకత. ఈ సౌకర్యం వల్ల తీగ ఉన్న మౌస్ తన ఆహారాన్ని ల్యాప్‌టాప్ బ్యాటరీ నుంచే తీసుకోసాగింది. బ్యాటరీ చర్చల్లో తరచు మరుగునపడే విషయం ఇది.

తీగను తొలగించే తొలి ప్రయత్నంగా పరారుణ కిరణాల పద్ధతి వచ్చింది. రెండు పరికరాలు ఎదురెదురుగా ఉంటేనే అది పనిచేసేది. 1994లో స్వీడన్ సంస్థ ఎరిక్సన్‌లో మొదలైన పరిశోధన ఈ పరిమితిని అధిగమించింది. 1998లో ఎరిక్సన్, ఐబీఎం, ఇంటెల్, నోకియా, తోషిబా కలిసి ఒక బృందంగా ఏర్పడ్డాయి. 1999లో బ్లూటూత్ తొలి ప్రమాణం వెలువడింది. పదవ శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్ బ్లూటూత్ పేరు దీనికి పెట్టారు. 2003 మార్చిలో ఇంటెల్ సెంట్రినో పేరుతో ప్రాసెసరునూ వై-ఫైనూ ఒక్కటిగా అమ్మడం మొదలుపెట్టాక ల్యాప్‌టాప్‌లో వైర్‌లెస్ సహజభాగమైంది.

ఈ ప్రమాణాల రూపకర్తలు తొలినుంచీ నిద్ర గురించే ఎక్కువగా ఆలోచించారు. వై-ఫైలో పొదుపు పద్ధతి పల్లె పోస్టాఫీసును పోలి ఉంటుంది. ల్యాప్‌టాప్ రేడియో నిద్రలో ఉన్నప్పుడు దానికి వచ్చిన సమాచారాన్ని రూటర్ దాచి ఉంచుతుంది. సాధారణంగా సెకనుకు సుమారు పదిసార్లు వెలువరించే ప్రకటనలో ఎవరి పేరున సమాచారం ఉందో తెలుపుతుంది. ఆ సమయానికి మాత్రం ల్యాప్‌టాప్ కళ్లు తెరిచి చూసి, తనకేమీ లేకపోతే మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది. 2010లో వచ్చిన బ్లూటూత్ 4.0 లోని అల్పశక్తి విధానం ఈ సూత్రాన్ని మరింత ముందుకు తీసుకువెళ్లింది. అందులో రెండు పరికరాలు కలుసుకునే వ్యవధిని 7.5 మిల్లీసెకన్ల నుంచి 4 సెకన్ల దాకా నిర్ణయించుకోవచ్చు. కలుసుకునే వేళలు దూరమైన కొద్దీ నిద్ర పెరుగుతుంది; బ్యాటరీ నిలుస్తుంది.

5. 2006లో బయటపడిన లోపం:

ఉపకరణాలకూ బ్యాటరీ నిలకడకూ గల సంబంధం ప్రపంచస్థాయి చర్చగా మారిన సందర్భం 2006 ఆరంభంలో వచ్చింది. ఇంటెల్ కోర్ డుయో ప్రాసెసరుతో వచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌లను పరీక్షించిన టామ్స్ హార్డ్‌వేర్ పత్రిక, యూఎస్‌బీ 2.0 పరికరాన్ని తగిలించగానే బ్యాటరీ నిలకడ ఊహించనంతగా తగ్గుతోందని వెల్లడించింది. ఆ పరికరం స్వయంగా తీసుకునే విద్యుత్తుతో ఆ నష్టానికి పొంతన కుదరలేదు. విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2లోని యూఎస్‌బీ సాఫ్ట్‌వేర్ దీనికి మూలమని తేలింది. సమస్య ఉన్నట్లు మైక్రోసాఫ్ట్ అంగీకరించింది.

లోపం స్వభావం ఆలోచింపజేసేది. ప్రాసెసరు పనిలేని క్షణాల్లో అంచెలంచెలుగా గాఢనిద్రలోకి వెళ్లేలా రూపొందింది. యూఎస్‌బీ నియంత్రకం మాత్రం పరికరం ఏమైనా చెబుతుందేమోనని జ్ఞాపకశక్తిలోని పనుల పట్టికను సెకనుకు వేలసార్లు తిరగేస్తుంది. పరికరం ఖాళీగా ఉన్నప్పుడు ఈ తిరగేయడం ఆగాలి. అది ఆగకపోవడంతో ప్రాసెసరు గాఢనిద్రకు చేరలేకపోయింది. పరికరం తిన్న తిండి పిడికెడే. అది చెడగొట్టిన నిద్ర ఖరీదు మాత్రం గంటల్లో తేలింది. వాల్వు రేడియోలో పాట లేకపోయినా కాలుతూ ఉన్న తీగకూ, అర్ధశతాబ్దం తరువాతి ల్యాప్‌టాప్‌లో నిద్రపోలేని ప్రాసెసరుకూ మధ్య పోలిక స్పష్టం.

వైర్‌లెస్ మౌస్‌లలో అధికభాగం ఈ చర్చ పరిధిలోకే వస్తాయి. వాటితో వచ్చే చిన్న రిసీవరు యూఎస్‌బీ రంధ్రంలోనే కూర్చుంటుంది. మౌస్‌కు తీగ లేకపోయినా ల్యాప్‌టాప్ దృష్టిలో అది యూఎస్‌బీ పరికరమే. తరువాతి కాలపు ఆపరేటింగ్ సిస్టమ్‌లు వాడకంలో లేని యూఎస్‌బీ పరికరాన్ని తాత్కాలికంగా నిద్రపుచ్చే పద్ధతిని మెరుగుపరిచాయి. అయినా మౌస్‌ను అదేపనిగా కదిలిస్తున్నంతసేపు ఆ నిద్రకు అవకాశం ఉండదు.

6. శక్తి లెక్క:

ఈ ప్రభావం పరిమాణాన్ని గ్రహించడానికి ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోవచ్చు. ల్యాప్‌టాప్ బ్యాటరీ సామర్థ్యం 50 వాట్-గంటలు, తెర, ప్రాసెసరు మొదలైన వాటన్నిటి సగటు వ్యయం 8 వాట్లు అనుకుంటే నిలకడ 6 గంటల 15 నిమిషాలు. బ్లూటూత్ ఉపకరణం వల్ల 0.1 వాట్ అదనంగా ఖర్చయితే నిలకడ సుమారు 6 గంటల 10 నిమిషాలకు తగ్గుతుంది. నష్టం 5 నిమిషాలు.

తీగ ఉన్న యూఎస్‌బీ పరికరం 5 వోల్టుల వద్ద 100 మిల్లీఆంపియర్లు తీసుకుంటే అది 0.5 వాట్. తక్కువ సామర్థ్యపు యూఎస్‌బీ పరికరానికి ప్రమాణం విధించిన గరిష్ఠ పరిమితి అది. అలాంటి సందర్భంలో నిలకడ సుమారు 5 గంటల 53 నిమిషాలు. నష్టం 22 నిమిషాలు. చాలా మౌస్‌లు ఇంతకన్నా తక్కువే తీసుకుంటాయి. అయినప్పటికీ తీగ ఉన్నది పొదుపు, తీగ లేనిది దుబారా అనే సాధారణ భావన నిలబడదని ఈ లెక్క తెలుపుతుంది. వైర్‌లెస్ మౌస్ తన సొంత సెల్లుతో బతుకుతుంది. దాదాపు 3 వాట్-గంటల శక్తి ఉన్న ఒక ఆల్కలైన్ సెల్లుతో అది 1000 గంటలు పనిచేస్తే దాని సగటు వ్యయం 3 మిల్లీవాట్లు మాత్రమే.

ఉపకరణాలన్నీ ఒకే తీరున ప్రవర్తించవు. మౌస్, కీబోర్డు అప్పుడప్పుడు పలికే పరికరాలు. వాటి సందేశాలు చిన్నవి. ఇయర్‌ఫోన్‌కు శబ్దం ఎడతెగకుండా అందాలి. అందుకు శబ్దాన్ని కుదించే గణన, నిరంతర ప్రసారం రెండూ అవసరం. అయితే ఆ సమయంలో ల్యాప్‌టాప్ సొంత స్పీకర్లు మౌనంగా ఉంటాయి కనుక కొంత వ్యయం తిరిగి మిగులుతుంది. నిజంగా భారమైనది వైర్‌లెస్ పద్ధతిలో మరొక తెరకు దృశ్యాన్ని పంపడం. అందులో ప్రతి దృశ్యాన్నీ కుదించి, వై-ఫై ద్వారా ఆగకుండా పంపాలి. దానివల్ల 2 వాట్లు అదనమైతే పై ఉదాహరణలో నిలకడ 5 గంటలకు పడిపోతుంది. వై-ఫై సంకేతం బలహీనంగా ఉన్న గదిలో సమాచార వేగం తగ్గి, అదే పనికి రేడియో ఎక్కువసేపు మేల్కొనవలసి రావడం కూడా ఈ కోవలోనిదే.

ఆయువు విషయం వేరు. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి ప్రధాన శత్రువు. వేసవిలో 40 డిగ్రీల సెల్సియస్ దాటే వరంగల్‌లో, గాలి ఆడని పరుపు మీద ల్యాప్‌టాప్‌ను పెట్టి ఛార్జి చేయడం ఏ బ్లూటూత్ పరికరం కన్నా ఎక్కువ హాని చేస్తుంది. సెల్లును ఎండలో పెడితే మేలు జరుగుతుందన్న రేడియో కాలపు అనుభవం ఇక్కడ పూర్తిగా తలకిందులవుతుంది.

7. వరంగల్ నేపథ్యం:

వరంగల్‌కు ఈ చరిత్రతో ఉన్న సంబంధం విద్య ద్వారా ఏర్పడింది. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 2002లో జాతీయ సాంకేతిక సంస్థగా మారింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఈ సంస్థల చుట్టూ పెరిగిన విద్యార్థి జనాభాకు 2000ల తరువాత ల్యాప్‌టాప్ పుస్తకాల సంచీలో భాగమైంది. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాల్లో చేరిన గ్రామీణ విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చి పాఠాలు చెప్పడంతో, ఇంట్లో ఎన్నడూ కంప్యూటర్ లేని కుటుంబాల్లోకి కూడా ఈ యంత్రం ప్రవేశించింది.

విద్యుత్తు మాత్రం అంత నమ్మకంగా అందలేదు. ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం వరంగల్ నగరంలోనే ఉంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని చెల్పూరు వద్ద కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం తొలి దశ 500 మెగావాట్లతో 2010లో ప్రారంభమైంది. అయినా 2012 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తీవ్రమైన కోతలను ఎదుర్కొంది. పరిశ్రమలకు విద్యుత్ సెలవులు ప్రకటించవలసి వచ్చింది. అటువంటి కాలంలో ల్యాప్‌టాప్ బ్యాటరీ, కోతకూ చదువుకూ మధ్య వంతెనగా నిలిచింది. 2016లో అదే కేంద్రానికి 600 మెగావాట్ల రెండవ దశ తోడైంది.

2020 జనవరిలో మడికొండ ఐటీ పార్కులో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు ప్రారంభమయ్యాయి. మూడు నెలలు గడిచేలోగా కోవిడ్ లాక్‌డౌన్ వచ్చింది. కార్యాలయ బల్ల మీద ఎప్పుడూ ఛార్జరుకు కట్టుబడి ఉండే ల్యాప్‌టాప్‌లు ఇళ్లకు చేరాయి. తరగతులూ సమావేశాలూ తెర మీదికి మారడంతో బ్లూటూత్ ఇయర్‌ఫోన్ అవసర వస్తువైంది. ఫోను హాట్‌స్పాట్‌తో పాఠం విన్న విద్యార్థి విషయంలో మూడు బ్యాటరీలు ఒకేసారి ఖర్చయ్యేవి: ల్యాప్‌టాప్‌ది, ఫోనుది, ఇయర్‌ఫోన్‌ది. వీటిలో మొదట ఆరిపోయినదాని దగ్గరే పాఠం ఆగుతుంది. వీడియో సమావేశంలో తెర, కెమెరా, దృశ్య గణన, ఇరువైపులా సాగే వై-ఫై ప్రసారం ల్యాప్‌టాప్ శక్తిలో సింహభాగాన్ని తీసుకుంటాయి. ఇయర్‌ఫోన్ వాటా స్వల్పం. కంటికి కొత్తగా కనిపించే వస్తువు అదే కావడంతో నింద మాత్రం దానిమీద పడింది.

బ్యాటరీల సంఖ్య పెరగడం మరొక పర్యవసానానికి దారితీసింది. తెగిన ప్రతి తీగ స్థానంలో ఒక బ్యాటరీ వచ్చింది. ప్రతి బ్యాటరీ ఏదో ఒకనాడు వ్యర్థమవుతుంది. 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం కొత్త బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలను తెచ్చి, పాత బ్యాటరీల సేకరణ, పునర్వినియోగ బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచింది. 2023 మేలో మహబూబ్‌నగర్ సమీపంలోని దివిటిపల్లిలో అమర రాజా సంస్థ లిథియం బ్యాటరీ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. నెల్లూరు పొడి సెల్లుతో సాగిన తెలుగు నేల బ్యాటరీ చరిత్రలో ఇది తరువాతి అధ్యాయం.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల ఈ కింది అంశాలు అవగతమవుతాయి.

1. వైర్‌లెస్ మౌస్, కీబోర్డు, ఇయర్‌ఫోన్ ల్యాప్‌టాప్ నిలకడను తగ్గించడం నిజమే. సాధారణ పరిస్థితుల్లో ఆ తగ్గుదల నిమిషాల స్థాయిలో ఉంటుంది. తీగ ఉన్న ఉపకరణం కూడా ల్యాప్‌టాప్ నుంచే శక్తి తీసుకుంటుంది కనుక తీగ ఉండటమే పొదుపుకు హామీ కాదు.

2. ఒక ఉపకరణం ప్రసరించే తరంగశక్తి కన్నా, అది యంత్రాన్ని ఎంతసేపు మేల్కొలిపి ఉంచుతుందన్నది ముఖ్యం. వాల్వు రేడియో, 2006 నాటి యూఎస్‌బీ లోపం, బ్లూటూత్ అల్పశక్తి విధానం ఈ ఒక్క సూత్రానికి మూడు కాలాల నిదర్శనాలు.

3. నిరంతరంగా దృశ్యాన్ని పంపే వైర్‌లెస్ వినియోగం, బలహీనమైన వై-ఫై సంకేతం నిలకడను గణనీయంగా తగ్గిస్తాయి. బ్యాటరీ ఆయువును తగ్గించేవాటిలో వేడిది ప్రధాన స్థానం.

4. రేడియో కాలపు వాడుకరుల అనుభవజ్ఞానంలో కొంత నేటికీ చెల్లుతుంది, కొంత చెల్లదు. శబ్దం తగ్గించి సెల్లును కాపాడుకున్న వివేకం తెర వెలుతురు తగ్గించడంలో కొనసాగుతున్నది. ఎండలో పెట్టిన అలవాటును మాత్రం విడిచిపెట్టవలసి ఉంటుంది.

కోత వేళ మిగిలిన గంటన్నర ఛార్జింగును ఎలా వాడుకోవాలో నిర్ణయించుకునే విద్యార్థికి బ్లూటూత్‌ను ఆపితే దక్కేది ఒకటి రెండు నిమిషాలు. తెర వెలుతురు తగ్గించి, అవసరం లేని వీడియోను ఆపి, రూటరుకు దగ్గరగా కూర్చుంటే దక్కేది అంతకు ఎన్నో రెట్లు. వైర్‌లెస్ పరికరాల చరిత్ర వాడుకరికి అందించే ప్రయోజనకరమైన పాఠం ఇది.